విస్కీ కాచే వంశాలు, మాస్టర్ డిస్టిలర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉంటున్నాను కాబట్టి ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఏదో ఒక విస్కీ డిస్టిలరీ చూపించడం నా వంతు. తాగేవాళ్లూ వస్తారు, ముట్టనివాళ్లూ వస్తారు. సందేహాలు మాత్రం అందరివీ అవే. చెప్పిందే చెప్పీ చెప్పీ, ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికే వెళ్లి చదువుకోవచ్చు.

## మనుషులు, వంశాలు

మాస్టర్ డిస్టిలర్ అంటే రోజంతా విస్కీ తాగుతూ కూర్చుంటాడా?

రుచి చూస్తాడు, మింగడు. నమూనాలో నీళ్లు కలిపి పలచన చేసి, ముందు వాసన పట్టి, తర్వాత నోట్లో తిప్పి ఉమ్మేస్తాడు. సగం పని ముక్కుదే. మిగతా రోజంతా సాదా ఫ్యాక్టరీ పని. మొక్కజొన్న లారీ వస్తే ఓ గుప్పెడు గింజలు తీసి వేడిచేసి వాసన చూస్తారు. ముక్క వాసన తగిలితే లారీ వెనక్కే. పులిసే తొట్ల వేడి ఎంతుంది, బట్టీ నుంచి దిగే సారా ఘాటు ఎంతుంది, ఏ పీపా ఏ అంతస్తుకి ఎక్కాలి, ఏ పీపాలు కలిపి సీసాకి ఎత్తాలి అన్నవన్నీ ఆయన చూసుకోవాలి. ఇప్పుడు వీటికి తోడు ఊళ్లు తిరిగి సీసాల మీద సంతకాలు పెట్టడం ఒకటి.

ఆ హోదాకి పరీక్షో లైసెన్సో ఉంటుందా?

అమెరికాలో లేదు. డాక్టరు, ప్లీడరు లాగా చట్టం కట్టబెట్టే పేరు కాదిది. కంపెనీ ఎవరిని పిలిస్తే వాళ్లే మాస్టర్ డిస్టిలర్. అందుకే నిన్న మొన్న బట్టీ పెట్టినవాడి కార్డు మీదా ఆ మాట ఉంటుంది, నలభై ఏళ్లు పీపాలు దొర్లించినవాడి కార్డు మీదా ఉంటుంది. కార్డు చూసి మనిషిని అంచనా వేయకండి. ఆయన పోసిన పీపాల్లో ఎన్ని ఆయన చేతులతోనే తెరిచాడో అడగండి.

బీమ్ కుటుంబం ఎన్ని తరాలుగా ఇదే పనిలో ఉంది?

ఎనిమిది. జర్మన్ మూలాలున్న జేకబ్ బీమ్ 1795లో మొదటి పీపాలు అమ్మాడని కుటుంబం చెబుతుంది. తర్వాత కొడుకు డేవిడ్, మనవడు డేవిడ్ ఎం. నాలుగో తరం వాడు జేమ్స్ బి. బీమ్, సీసా మీద ఇప్పటికీ కనిపించే జిమ్ బీమ్ ఆయనే. ఆ తర్వాత టి. జెరెమయా బీమ్, బుకర్ నో, ఫ్రెడ్ నో. ఎనిమిదో తరంలో ఫ్రెడీ నో ఉన్నాడు. 2022లో తండ్రి పేరు పెట్టిన కొత్త డిస్టిలరీకి ఆయన్ని మాస్టర్ డిస్టిలర్‌ని చేశారు.

ఇంటిపేరు నో కదా, మరి బీమ్ వంశం ఎలా అయింది?

బుకర్ నో జిమ్ బీమ్‌కి కూతురి కొడుకు. వారసత్వం అలా మనవడి చేతికి వచ్చింది, ఇంటిపేరు మారింది, పని మారలేదు. నీళ్లు కలపకుండా, వడగట్టకుండా పీపాలోంచి తీసింది తీసినట్టు సీసాకెత్తి 1988లో తన పేరుతో విస్కీ తెచ్చిన పెద్దమనిషి ఈయనే. 2004లో కన్నుమూశాడు.

ఒకే కుటుంబం వాళ్లు పోటీ కంపెనీల్లో పనిచేస్తారట, నిజమేనా?

నిజమే. బయటివాళ్లకి అన్నిటికన్నా వింతగా అనిపించేది ఇదే. బార్డ్స్‌టౌన్‌లోని హెవెన్ హిల్ డిస్టిలరీ షపీరా కుటుంబం సొత్తు. అక్కడ దశాబ్దాల పాటు విస్కీ కాచింది మాత్రం బీమ్‌లే: మొదట జో బీమ్, తర్వాత హ్యారీ, ఎర్ల్, ఎర్ల్ కొడుకు పార్కర్, పార్కర్ కొడుకు క్రెయిగ్. పార్కర్ తాత పార్క్ బీమ్, జిమ్ బీమ్ తోడబుట్టినవాడు. అంటే పెదనాన్న పిల్లలు ఒక బట్టీ దగ్గర, చిన్నాన్న పిల్లలు పక్కూరి బట్టీ దగ్గర. ఊళ్లో మంచి వడ్రంగి ఇల్లు ఒకటుంటే చుట్టుపక్కల తలుపులన్నీ ఆ ఇంటి చేతుల్లోంచే వచ్చినట్టు.

కంపెనీ జపాన్ వాళ్లదైతే ఇంకా కుటుంబ సంప్రదాయం ఎక్కడిది?

సూటి ప్రశ్న. జిమ్ బీమ్ 2014 నుంచి జపాన్‌కి చెందిన సంటోరీ చేతిలో ఉంది. వైల్డ్ టర్కీ అనే ఇంకో విస్కీ కంపెనీని 2009లో ఇటలీ కంపెనీ కంపారీ కొనుక్కుంది. ఆస్తి మారింది కానీ ఉద్యోగం మారలేదు. జిమ్ బీమ్‌లో నోలు, వైల్డ్ టర్కీలో తండ్రీకొడుకులైన రస్సెల్‌లు జీతానికే పనిచేస్తున్నారు. నా మటుకు నాకు ఇందులో మోసం కనిపించదు. రస్సెల్‌లకి వైల్డ్ టర్కీ ఎప్పుడూ సొంతం కాదు, అయినా అక్కడి విస్కీ ఎలా ఉండాలో తేల్చింది వాళ్లే. ప్రకటనల్లో తాతల ఫొటోలు కాస్త తగ్గిస్తే బావుంటుందన్న మాట మాత్రం ఒప్పుకుంటాను.

ఈ వంశాల కథల్లో నల్లజాతి వాళ్లు ఎందుకు కనిపించరు?

చాలాకాలం చెప్పలేదు కాబట్టి. 1865కి ముందు దక్షిణాది బట్టీల్లో చెమటోడ్చింది ఎక్కువగా బానిసలే. పేర్లు లెక్కల పుస్తకాల్లోకి ఎక్కలేదు. బయటికొచ్చిన ఒక పేరు నియరెస్ట్ గ్రీన్. టెనెస్సీలోని లించ్‌బర్గ్ దగ్గర కుర్రవాడైన జాక్ డేనియల్‌కి విస్కీ కాచడం నేర్పింది ఆయనే. అప్పటికి ఆయన బానిస. విముక్తి వచ్చాక జాక్ డేనియల్ సొంత డిస్టిలరీ పెడితే అక్కడ పెద్ద డిస్టిలర్‌గా పనిచేశాడు. గ్రీన్ పిల్లలు, మనవలు తరతరాలుగా అక్కడే ఉద్యోగాలు చేశారు. ఆయన మునిమనవరాలి కూతురు విక్టోరియా ఈడీ బట్లర్ 2019 నుంచి, ఆయన పేరు మీదే వచ్చే అంకుల్ నియరెస్ట్ విస్కీకి మాస్టర్ బ్లెండర్. ‘వంశం’ అన్న మాటకి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలీదు.

ఆడవాళ్లెవరూ లేరా ఈ పనిలో?

ఉన్నారు, పేర్లు ఆలస్యంగా బయటికొచ్చాయి. మేకర్స్ మార్క్ సీసా ఆకారం, ఆ పేరు, మూత మీద కారే ఎర్ర లక్క, ఇవన్నీ మార్జీ సామ్యూల్స్ ఆలోచనలే. లక్కని తన వంటింట్లో నూనెలో వేపుళ్లు వేయించే పాత్రలో కరిగించి చూసింది. లారెన్స్‌బర్గ్‌లో డిస్టిలరీ నడిపిన మేరీ డౌలింగ్‌ది ఇంకో రకం గుండె. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో యంత్రాలు ఊడదీయించి మెక్సికోలోని హ్వారెజ్‌కి తరలించి, బీమ్ కుటుంబపు మనిషిని పెట్టి అక్కడ బర్బన్ కాయించింది.

## గింజ నుంచి ముడి సారా దాకా

బర్బన్, విస్కీ ఒకటేనా?

బర్బన్లన్నీ విస్కీలే, విస్కీలన్నీ బర్బన్లు కావు. అమెరికాలో తయారవ్వాలి. గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో ఉంచాలి. కాచినప్పుడు 80 శాతం ఆల్కహాల్ దాటకూడదు, పీపాలో పోసేటప్పుడు 62.5 దాటకూడదు, సీసాలో 40కి తగ్గకూడదు. నీళ్లు తప్ప ఇంకేమీ కలపకూడదు. కెంటకీలోనే చేయాలని రూలేమీ లేదు, చేసేది ఎక్కువగా ఇక్కడే అంతే. 1964లో అమెరికా కాంగ్రెస్ దీన్ని తమ దేశపు ప్రత్యేక ఉత్పత్తిగా ప్రకటించింది.

కుటుంబ రహస్య రెసిపీ నిజంగా ఉంటుందా?

మీరనుకునేంత రహస్యం కాదు. రెసిపీ అంటే గింజల పాళ్లే. మేకర్స్ మార్క్ పాళ్లు అందరికీ తెలిసినవే: మొక్కజొన్న 70, గోధుమ 16, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ 14 శాతం. ఆ కాగితం మీ చేతిలో పెట్టినా మేకర్స్ మార్క్ రాదు, వాళ్ల ఈస్టూ వాళ్ల పీపాలూ వాళ్ల ఏళ్లూ ఆ కాగితంలో ఉండవు కాబట్టి.

ఇంకో సంగతి. సంప్రదాయం అంటే ఉన్నదాన్ని పట్టుకు వేలాడటమే అనుకునేవాళ్లకి, మేకర్స్ మార్క్ మొదలుపెట్టిన బిల్ సామ్యూల్స్ (మార్జీ భర్త) కథ చెబుతాను. 1953లో లొరెట్టోలో పాత డిస్టిలరీ కొన్నాక, దాదాపు 170 ఏళ్ల తమ కుటుంబ రెసిపీని ఆయన మంటల్లో వేశాడు. ఘాటుగా ఉండే రై గింజ తీసేసి గోధుమ పెట్టాలన్నది ఆయన పట్టుదల. ఒక్కో పాళ్లకీ విస్కీ కాచి చూస్తే ఫలితం తెలియడానికి ఏళ్లు పడుతుంది. అందుకని ఆ పాళ్లతో రొట్టెలు కాల్పించి తిని చూశారు. రుచి కుదిరిన రొట్టె పాళ్లే ఖాయం చేశారు. ఆ సీసా బయటికొచ్చింది 1958లో.

సోర్ మాష్ అని రాసి ఉంటుంది, విస్కీ పుల్లగా ఉంటుందా?

ఉండదు. నిన్నటి సారా తీశాక అడుగున మిగిలే పులిసిన కుడితిని కొంత తీసి ఇవాళ్టి గంజిలో కలుపుతారు. డిస్టిలరీని బట్టి ఇది పావు వంతు దాకా ఉండొచ్చు. ఆ పులుపుకి అక్కరలేని సూక్ష్మజీవులు తలెత్తవు, ఈస్ట్‌కి చోటు దొరుకుతుంది, ఇవాళ్టి రుచి నిన్నటి రుచిని తప్పిపోదు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన జేమ్స్ క్రో అనే ఆయన ఈ పద్ధతిని కొలతలతో స్థిరపరిచాడు. మిగిలిన కుడితి పశువుల దాణాకి వెళ్తుంది.

ఈస్ట్ గురించి అంత గొప్పగా చెబుతారెందుకు? ఈస్ట్ ఎక్కడైనా ఈస్టే కదా?

పెరుగు తోడు ఎక్కడైనా తోడే కదా అని మా అమ్మమ్మ ముందు అనుంటే తెలిసేది! ఒక ఇంటి పెరుగు కమ్మగా, పక్కింటిది జిగురుగా ఉంటుందంటే తోడులోనే తేడా. విస్కీలో పండు వాసనలు, పూల వాసనలు చాలావరకు పులిసేటప్పుడు ఈస్ట్ పుట్టించేవే. ఫోర్ రోజెస్ అనే డిస్టిలరీ వాళ్లయితే రెండు గింజల పాళ్లని అయిదు రకాల ఈస్ట్‌తో కలిపి పది రకాల విస్కీ తీస్తారు.

మద్యనిషేధం ఎత్తేశాక జిమ్ బీమ్ గాలిలోని ఈస్ట్‌ని పట్టి కొత్తగా పెంచాడని, వారాంతం రాగానే కూజాలో కొంత పోసి కారులో పక్కన పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడని కుటుంబం చెబుతుంది. ఫ్యాక్టరీ కాలిపోతే మళ్లీ కట్టుకోవచ్చు, తోడు పోతే ఎవరి దగ్గర అరువు తెచ్చుకుంటాడు?

కెంటకీ నీళ్లలో ఏముంది?

సున్నపురాయి. నీళ్లు ఆ రాతి పొరల్లోంచి దిగివస్తాయి కాబట్టి కాల్షియం దండిగా ఉంటుంది, ఇనుము ఉండదు. ఈస్ట్‌కి కాల్షియం పడుతుంది. ఇనుము తగిలితే విస్కీ నల్లబడుతుంది, రుచి పాడవుతుంది.

మన నాటుసారా బట్టీ లాగే కాస్తారా?

సూత్రం ఒకటే: పులిసినదాన్ని మరిగిస్తే నీళ్లకన్నా ముందు ఆల్కహాల్ ఆవిరవుతుంది, దాన్ని చల్లార్చి పట్టుకోవడం. కెంటకీ పెద్ద డిస్టిలరీల్లో కుండ బదులు అంతస్తుల ఎత్తు నిలువు రాగి గొట్టం ఉంటుంది. పైనుంచి పులిసిన గంజి దిగుతుంటే కిందనుంచి ఆవిరి ఎక్కుతుంది. లోపలి చిల్లుల పళ్లేల మీద రెండూ కలుసుకుని ఆల్కహాల్ ఆవిరితో పైకి పోతుంది. తర్వాత డబ్లర్ అనే రెండో పాత్రలో ఇంకోసారి కాస్తారు. రాగే ఎందుకంటే, కుళ్లిన కోడిగుడ్డు వాసన తెచ్చే గంధకాన్ని అది పట్టేసుకుంటుంది.

దానికి ముందు జరిగేది చూస్తే వంటిల్లే గుర్తొస్తుంది. మొక్కజొన్న పిండిని జావలా మరిగేదాకా ఉడికిస్తారు, వేడి తగ్గాక రై గానీ గోధుమ గానీ వేస్తారు, ఇంకా తగ్గి 65 డిగ్రీల దరికి వచ్చాక మొలక బార్లీ వేస్తారు. మరిగే జావలో బార్లీ వేస్తే పిండిని చక్కెరగా మార్చే గుణం చచ్చిపోతుంది. ఆ తర్వాత తొట్టెల్లో మూడు నుంచి అయిదు రోజులు పులుస్తుంది. కొన్నిచోట్ల తొట్టెలో వేలు ముంచి నాకి చూడనిస్తారు. మొదటి రోజుది తియ్యటి జావ, మూడో రోజుది పుల్లటి కల్లు.

మొదట వచ్చే సారా తాగితే కళ్లు పోతాయంటారు, విస్కీలోనూ అంతేనా?

గింజలతో చేసిన సారాలో మిథనాల్ చాలా తక్కువ. పండ్ల గుజ్జు పులిసినప్పుడే కాస్త ఎక్కువ పుడుతుంది. కల్తీసారా చావుల్లో సాధారణంగా కనిపించే కారణం పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ని ఎవరో తెచ్చి కలపడం. మొదటి ధారని పక్కన పెట్టేది గోళ్ల రంగు లాంటి ఘాటు వాసనలున్నందుకు, చివరి ధారని పక్కన పెట్టేది తడి అట్టముక్క వాసన వచ్చేందుకు. నడిమి ధారే విస్కీకి పనికొస్తుంది. ఎక్కడ కోయాలన్నది కుండ బట్టీల దగ్గర ఇప్పటికీ ముక్కే తేలుస్తుంది.

బట్టీ నుంచి దిగిన ముడి సారా ఎలా ఉంటుంది?

నీళ్లలా తెల్లగా ఉంటుంది. ఇక్కడ దాన్ని ‘తెల్ల కుక్క’ అంటారు, కరుస్తుంది కాబట్టి. తాగనక్కర్లేదు. అరచేతిలో నాలుగు చుక్కలు పోయించుకుని రెండు చేతులూ రుద్దండి. ఆల్కహాల్ ఎగిరిపోయాక చేతులు ముఖం దగ్గర పెట్టుకుంటే ఉడికిన మొక్కజొన్న పొత్తు వాసన. ముట్టని మా పిన్ని కూడా ఇది మాత్రం రెండుసార్లు చేసింది.

## పీపాలో గడిచే ఏళ్లు

పీపా లోపల ఎందుకు కాలుస్తారు?

తెల్ల ఓక్ చెక్కలో చక్కెరలు, వెనిల్లా వాసననిచ్చే పదార్థాలు బిగిసిపోయి ఉంటాయి. మంట తగిలితే అవి విడివడతాయి. పైన బొగ్గు పొర, దాని కింద పాకం పట్టినట్టు ఎర్రటి పొర ఏర్పడతాయి. బొగ్గు చెడు వాసనల్ని లాగేస్తుంది, ఎర్ర పొర రంగూ తీపీ ఇస్తుంది. ఒక నిమిషం లోపే కాలుస్తారు. బాగా కాల్చినది మొసలి చర్మంలా పగుళ్లు దేరుతుంది, దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆ రంగు పంచదార పాకం కలిపితే వచ్చిందేనా?

బర్బన్‌లో కలపకూడదు, చట్టం ఒప్పుకోదు. రంగంతా చెక్కదే.

కొత్త పీపానే వాడాలంటే పాతవన్నీ పారేస్తారా?

పారేయరు, అమ్ముతారు. ఒకసారి బర్బన్ నింపిన పీపా మళ్లీ బర్బన్‌కి పనికిరాదు, కానీ స్కాట్లాండ్, ఐర్లాండ్ విస్కీలకి అదే ముద్దు. రమ్ముకీ టెకీలాకీ పోతుంది. టబాస్కో మిరప సాస్ ఊరేది కూడా వాడేసిన విస్కీ పీపాల్లోనే.

‘దేవదూతల వాటా’ అంటే ఏంటి?

చెక్క గుండా ఆవిరై పోయేది. కెంటకీ ఎండకి ఏడాదికి సుమారు 4 శాతం దాకా పోతుంది. దాదాపు 200 లీటర్ల పీపా నింపి ఎనిమిదేళ్ల తర్వాత తెరిస్తే మూడో వంతు మాయమై ఉండొచ్చు. ఈ నష్టాన్ని ఎవరూ ఆపాలని చూడరు. ఆవిరి బయటికి పోతూ గాలి లోపలికి వస్తేనే విస్కీ మెత్తబడుతుంది.

గిడ్డంగిలో పై అంతస్తు మంచిదా, కింది అంతస్తా?

ఇది డిస్టిలర్ల ఇళ్లలో భోజనాల దగ్గర వాదించుకునే విషయం. చాలా గిడ్డంగులకి ఏసీ ఉండదు, హీటరు ఉండదు. వేసవిలో పై అంతస్తు రేకుల కింద ఉడికిపోతుంది. అక్కడ నీళ్లు తొందరగా ఆవిరై ఘాటు పెరుగుతుంది, చెక్క గట్టిగా పట్టుకుంటుంది. కింద చల్లగా ఉండి నిదానంగా పాకానికొస్తుంది. ఒకే రోజు ఒకే తొట్టెలోంచి నింపిన రెండు పీపాలు ఎనిమిదేళ్ల తర్వాత అన్నదమ్ములంటే నమ్మలేం. మేకర్స్ మార్క్ వాళ్లు పీపాల్ని పైనుంచి కిందికి దించుతారు. చాలామంది కదపరు, పై పీపాలూ కింది పీపాలూ కలిపి సరిచేస్తారు. ఫోర్ రోజెస్ వాళ్లు ఒకే అంతస్తు గిడ్డంగులు కట్టి గొడవ వదిలించుకున్నారు. ఏ గిడ్డంగిలో ఏ మూల పీపా బాగా వస్తుందన్నది కొడుకు తండ్రి వెంట నడిచి నేర్చుకునేదే. రెసిపీకన్నా విలువైన ఆస్తి ఇదేనని నా అభిప్రాయం.

పీపా తెరవకుండా లోపల ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?

పీపా ముఖానికి సన్నటి చిల్లు వేస్తారు. సూదిలాంటి ధార గ్లాసులోకి చిమ్ముతుంది, చాలనగానే చిన్న చెక్క మేకు కొట్టి మూసేస్తారు. పై మూత తీసి పొడవాటి రాగి గొట్టం ముంచి తీసే పద్ధతి కూడా ఉంది. ఆ గొట్టం పేరే ‘విస్కీ దొంగ’.

డిస్టిలరీ గోడలు, చెట్లు నల్లగా మసిబారి ఉంటాయేం?

మసి కాదు, బూజు. పేరు బౌడోయినియా. పీపాల్లోంచి పోయే ఆల్కహాల్ ఆవిరి తిని బతుకుతుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి మాత్రం ఇది పెద్ద తలనొప్పి, కేసులు కూడా పడ్డాయి.

ఎంత పాతదైతే అంత మంచిదా?

స్కాచ్ అలవాటుతో అడిగే ప్రశ్న. కొత్త పీపా, మండే ఎండ కలిస్తే బర్బన్ త్వరగా ముదురుతుంది. మరీ ఎక్కువ ఉంచితే చెక్క నమిలినట్టు వగరు. వైల్డ్ టర్కీలో 1954 నుంచి పనిచేస్తూ వచ్చిన జిమ్మీ రస్సెల్‌కి ముదురు విస్కీ గిట్టదు, ఎనిమిదేళ్ల చుట్టుపక్కలదే ఆయనకిష్టం. ఆయన కొడుకు ఎడీ పదమూడేళ్లది, పదిహేనేళ్లది కూడా సీసాకెత్తాడు. తండ్రీకొడుకుల నాలుకలే ఒప్పుకోనప్పుడు మనం ఎవరి మాట వినాలి? గ్లాసు మాటే.

గిడ్డంగి తగలబడితే ఏమవుతుంది?

1996 నవంబరు 7న బార్డ్స్‌టౌన్‌లో హెవెన్ హిల్‌కి అదే జరిగింది. ఈదురుగాలికి మంట ఒక గిడ్డంగి నుంచి ఇంకోదానికి అంటుకుని ఏడు గిడ్డంగులు, సుమారు 90,000 పీపాలు, డిస్టిలరీ అన్నీ బూడిదయ్యాయి. మండుతున్న విస్కీ ఏరులా పారింది. అప్పటి మాస్టర్ డిస్టిలర్ పార్కర్ బీమ్. పోటీ కంపెనీలైన బ్రౌన్ ఫోర్‌మన్, జిమ్ బీమ్ తమ బట్టీల్లో వీళ్లకి సారా కాచి ఇచ్చాయి. 1999లో లూయివిల్‌లో వేరే డిస్టిలరీ కొనుక్కునే దాకా అలాగే గడిచింది.

## సీసా, గ్లాసు

‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అంటే ఏంటి?

1897 నాటి చట్టం. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో కాచి, ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్న గిడ్డంగిలో కనీసం నాలుగేళ్లు ఉంచి, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్‌తో నింపినది. ఆ రోజుల్లో వ్యాపారులు సారాలో పొగాకు రసం లాంటివి కలిపి విస్కీ అని అమ్మేవారు. ఆ కల్తీకి అడ్డుకట్ట ఇది. తక్కువ ధరలో నమ్మకమైన సీసా కావాలంటే నేను ముందు వెతికేది ఈ మాటే.

ప్రూఫ్ అంటే?

అమెరికా లెక్కలో ఆల్కహాల్ శాతానికి రెట్టింపు. 100 ప్రూఫ్ అంటే 50 శాతం.

స్మాల్ బ్యాచ్ అంటే ఎన్ని పీపాలు?

చట్టంలో అంకె లేదు. ఇరవై పీపాలు కలిపినా అనొచ్చు, రెండొందలు కలిపినా అనొచ్చు. సింగిల్ బ్యారెల్ అయితే ఒకే పీపాలోది. స్ట్రెయిట్ అన్న మాటకి మాత్రం బరువుంది: కనీసం రెండేళ్లు పీపాలో ఉండాలి, నాలుగేళ్ల లోపుదైతే వయసు రాయాలి.

సీసా పదేళ్లు బీరువాలో దాస్తే రుచి పెరుగుతుందా?

పెరగదు. ముదిరేది చెక్కలోనే, గాజులో కాదు. మూత తీశాక అయితే గాలి తగిలి నెమ్మదిగా చప్పబడుతుంది.

నీళ్లో ఐసో కలిపితే డిస్టిలర్లు నవ్వుతారా?

నవ్వరు. బుకర్ నో అంత ఘాటు విస్కీ తీసినా తాను నీళ్లు కలుపుకునే తాగేవాడు. వాసన చూసేటప్పుడు నోరు కొంచెం తెరిచి పట్టండి, ముక్కు మండదు.

## వారసత్వం

మద్యనిషేధం వచ్చినప్పుడు ఈ కుటుంబాలు ఏం చేశాయి?

1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా అమెరికాలో మద్యం కాయడం, అమ్మడం నేరం. మందుగా అమ్ముకోవడానికి ఆరు కంపెనీలకే అనుమతి దొరికింది. డాక్టరు చీటీ ఉంటే పది రోజులకి ఒక పైంటు (దాదాపు అర లీటరు). మిగతావాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు. జిమ్ బీమ్ ఫ్లోరిడాలో నారింజ తోటలు, తర్వాత బొగ్గు గని, రాతి క్వారీ ప్రయత్నించాడు. ఏదీ కలిసిరాలేదు. నిషేధం పోయేసరికి ఆయనకి డెబ్బై దగ్గర పడింది. అయినా కెంటకీలోని క్లర్మాంట్‌లో 120 రోజుల్లో కొత్త డిస్టిలరీ లేపాడని చెప్పుకుంటారు. పదమూడేళ్లు మూతపడ్డ పనిని మళ్లీ మొదలుపెట్టడానికి పుస్తకాలు లేవు, చేసినవాళ్ల బుర్రల్లోనే ఉంది. కుటుంబాల విలువ అప్పుడు తెలిసింది.

మాస్టర్ డిస్టిలర్ కొడుకైతే ఉద్యోగం ఖాయమేనా?

గేటు దాకా ఖాయం. ఎడీ రస్సెల్ 1981లో చేరినప్పుడు మొదట చేసింది ఊడ్చడం, పీపాలు దొర్లించడం లాంటి కూలి పనులే. తండ్రి కూడా ఊడ్పు పనితోనే మొదలెట్టాడు. ఎడీకి మాస్టర్ డిస్టిలర్ హోదా వచ్చింది 2015లో, అంటే ముప్పై నాలుగేళ్ల తర్వాత. ఇప్పుడు ఎడీ కొడుకు బ్రూస్ అక్కడే ఉన్నాడు. ఇంత ఓపిక లేని పిల్లలు ఇతర ఉద్యోగాలకి పోతారు, ఎవరూ తప్పుపట్టరు.

మా కుటుంబంలో ఎవరూ లేరు, నేను నేర్చుకోవచ్చా?

నిక్షేపంగా. కెమికల్ ఇంజినీరింగో మైక్రోబయాలజీయో చదివినవాళ్లకి మంచి దారి. యూనివర్సిటీ ఆఫ్ కెంటకీలో జేమ్స్ బి. బీమ్ పేరుతో ఈ చదువులకి ఒక సంస్థ ఉంది. స్కాట్లాండ్‌లో హెరియట్ వాట్ యూనివర్సిటీ పేరున్నది. ముక్కు మాత్రం ఉద్యోగంలోనే తయారవుతుంది.

ఇంట్లో చిన్న బట్టీ పెట్టుకోవచ్చా?

అమెరికాలో ఫెడరల్ పర్మిట్ లేకుండా సారా తీస్తే అయిదేళ్ల దాకా జైలు, జరిమానా పడొచ్చు. ఇంటి అవసరానికి బీరు చేసుకోవడానికి 1978లో సడలింపు ఇచ్చారు, సారాకి ఇవ్వలేదు. పైగా ఆవిరి అంటుకుంటే ఇల్లే పోతుంది. వద్దు.

ఇవాళ ఎంత కాయాలో ఎలా తేల్చుకుంటారు? ఎనిమిదేళ్ల తర్వాత ఎవరు తాగుతారో ఎవరికి తెలుసు?

ఎవరికీ తెలీదు. 1970ల్లో జనం వోడ్కా వైపు మళ్లారు, గిడ్డంగుల్లో బర్బన్ పేరుకుపోయింది, ఎన్నో డిస్టిలరీలు మూతపడ్డాయి. 2000 తర్వాత గిరాకీ తిరగబడేసరికి పాత విస్కీ దొరకలేదు. ఇప్పుడు కెంటకీలో మనుషులు 45 లక్షల పైచిలుకు, పీపాలు కోటికి పైగా. ఇన్నాళ్లూ ముదురుతున్న పీపాల మీద ఏటా పన్ను కూడా కట్టాలి. దాన్ని 2026 నుంచి 2043 దాకా మెల్లగా ఎత్తేస్తున్నారు. మాస్టర్ డిస్టిలర్ కంపెనీ లెక్కలు వింటాడు, కానీ పీపాల నాణ్యతకి ఆయనే పూచీ. తాను పదవి దిగాక తెరిచే పీపాలకి ఇవాళ సంతకం పెడతాడు. ఇవాళ సీసాకెత్తేది తనకి ముందున్నవాడు సంతకం పెట్టినది.

చూడటానికి ఎప్పుడు వస్తే బావుంటుంది?

వసంతం గానీ శరదృతువు గానీ. నడివేసవిలో చాలాచోట్ల మరమ్మతుల కోసం బట్టీ కొన్ని వారాలు ఆపుతారు, గిడ్డంగి తప్ప చూసేదేమీ ఉండదు. టికెట్ ముందే తీసుకోండి, 21 ఏళ్లు నిండిన గుర్తింపు కార్డు మరిచిపోకండి. కారు నడిపేవాళ్లు గ్లాసు ముట్టకూడదు, సాధారణంగా అది నేనే. బార్డ్స్‌టౌన్ దగ్గరపడగానే అద్దాలు దించండి. బట్టీ నడుస్తున్న రోజైతే డిస్టిలరీ కనబడకముందే ఉడికే మొక్కజొన్న వాసన కారులోకి వచ్చేస్తుంది.